దాసానుదాస సార్వభౌమా, వందనాలు!

అరవై అయిదో నంబరు జాతీయ రహదారికి ఇరుపక్కలా వెలుగు తోరణమై, సూర్యాపేట కొత్త బస్టాండు నుంచి కోదాడ దాకా, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ రైసు మిల్లుల దాకా, ప్రతి కూడలిలో ప్రతి కరెంటు స్తంభం మీద చేతులు జోడించి చిరునవ్వు చిందిస్తున్న ఓ వినయ విరాజితా, అణకువకు ఆలవాలమా, తగ్గింపు జీవితానికి తలమానికమా, దాసానుదాస సార్వభౌమా! మీకు వందనాలు. మీది ఒక్క ముఖం కాదు, ఒక్క సంఘం కాదు, ఒక్క శాఖ కాదు. మందిరాల్లో, ప్రేయర్ హాళ్లలో, అద్దెకు తీసుకున్న ఫంక్షన్ హాళ్లలో అనేక రూపాల ప్రకాశించే మిమ్మల్నందరినీ ఒక్కరుగా భావించి, ఒకే దండ గుచ్చి మీ మెడలో వేయాలని ఈ చిన్న ప్రయత్నం. దండలు మీకు గిట్టవని లోకమెరుగును. ‘ఎందుకయ్యా ఇవన్నీ, మహిమంతా దేవునికే’ అంటూనే మెడ వంచి, వేసినవాడి పేరు మైకులో రెండుసార్లు చెప్పించే మీ సౌజన్యమూ లోకమెరుగును.

యొర్దాను ఒడ్డున ఒంటె రోమాల బట్ట కట్టుకుని, మిడతలూ అడవితేనే తిని బతికిన బాప్తిస్మమిచ్చు యోహాను, తన వెనక వచ్చేవాడు పెరగాలనీ తాను తరగాలనీ కోరుకున్నాడట. ఎంత తరగాలో కొలత మాత్రం చెప్పకుండానే హేరోదు చెరసాలకు పోయాడు. రెండు వేల ఏళ్లుగా క్రైస్తవ లోకానికి అంతుపట్టని ఆ కొలతను మీరు తేల్చారు. ఉజ్జీవ మహాసభల ఫ్లెక్సీ మీద మీరు తరిగి తరిగి ఇరవై అడుగుల దగ్గర నిలిచారు. ప్రభువును కుడివైపు పై మూలలో, మేఘాల నడుమ, ఎండ తగలని చోట తపాలా బిళ్లంత స్థలంలో భద్రంగా ఉంచారు. ఎడమవైపు స్థలదాత, సౌండ్ సిస్టమ్ దాత, భోజనాల దాత, రాబోయే ఎన్నికల్లో టికెట్ ఆశిస్తున్న అన్నగారు, ఇలా సకల పరిశుద్ధులూ కొలువుదీరారు. అందరి కిందా, బంగారు రంగులో, బస్సు కిటికీలోంచి కూడా చదవగలిగేంత లావు అక్షరాల్లో ‘అయోగ్యుడనైన దాసుడను’ అని రాయించారు. అయోగ్యతను ఇంత దూరానికి కనిపించేలా ప్రకటించిన దాసుడు క్రైస్తవ చరిత్రలో మరొకడు లేడు. వేసవి మధ్యాహ్నం కోదాడ బస్సు కోసం నిలబడ్డ మిరపకోత కూలీలు ఆ ఫ్లెక్సీ చాటున తల దాచుకుంటారు. మీ వినయం నీడలో ఎంతమంది సేదతీరుతున్నారో మీకే తెలియదు. తెలుసుకునేందుకు మీరు ఎన్నడూ కారు ఆపలేదు, అదీ మీ నిగర్వం.

మీ నామధేయానికి ముందు కాగడాలు పట్టుకుని నడిచే రెవరెండ్, డాక్టర్, బిషప్, అపొస్తలుడు అనే నాలుగు బిరుదులను స్తుతించకుండా ముందుకు సాగడం మర్యాద కాదు. సంతవీధుల్లో దండాలు పెట్టించుకోవడం, విందుల్లో ముందు వరసలు ఆశించడం మరిగిన యెరూషలేము పెద్దలను చూసి, ఆ నజరేయుడు తన శిష్యులను బోధకుడని గానీ తండ్రి అని గానీ గురువని గానీ పిలిపించుకోవద్దని హెచ్చరించాడు. ఆ చిట్టాను మీరు భక్తుని కళ్లతో, వకీలు శ్రద్ధతో పరిశీలించి అందులో డాక్టరు లేడని కనిపెట్టారు. తండ్రి ఉన్నాడు గానీ ఆత్మీయ తండ్రి లేడని కూడా కనిపెట్టారు. వాక్యాన్ని ఇంత లోతుగా, ఇంత సందులు వెతికి ధ్యానించినవారు మరెవరు?

ఇక ఆ డాక్టరు పట్టా. తార్సువాడైన పౌలు గమలీయేలు పాదాల దగ్గర కూర్చుని ధర్మశాస్త్రమంతా ఔపోసన పట్టి, ఆ పైన క్రీస్తు ముందు అదంతా పెంటకుప్ప కింద లెక్క అని తీసిపారేశాడు. నేర్వడానికి కొంతకాలం, పారేయడానికి మరికొంత కాలం, ఎంత కాలహరణం! మీరు ఆ నడిమి మజిలీలో ఆగలేదు. ఏ సముద్రాల అవతలో, ఏ మేడ మీదో ఒంటిగదిలో వెలసిన విశ్వవిద్యాలయం పంపిన పట్టాను హైదరాబాదులో ఒక చల్లని హాలులో నల్ల గౌనూ కుచ్చుటోపీ ధరించి స్వీకరించారు. విద్యాగర్వానికి మూలకారణమైన విద్యను దరిచేరనీయక, విద్యాగౌరవాన్ని మాత్రమే అంగీకరించిన మీ వైరాగ్యం పౌలుకు అందనిది.

మీరు ఆసీనులయ్యే కుర్చీ దగ్గరికి వద్దాం. జెబెదయి కొడుకులు యాకోబు, యోహానులు మహిమలో కుడి ఎడమల కూర్చునే భాగ్యం అడిగి, తక్కిన పదిమంది చేత తిట్లు తిన్నారు. అడగడం తెలియనివాళ్లు! మీరు నోరు తెరిచి అడగరు. సభకు గంట ముందే మీ మనిషి వచ్చి, వేదిక మీద ఉన్న ప్లాస్టిక్ కుర్చీలను వెనక్కి జరిపి, పెళ్లి మండపాల నుంచి తెచ్చిన ఎర్ర మఖమలు సింహాసనాన్ని మధ్యలో వేసి, దాని వీపు మీద తెల్లటి టర్కీ తువాలు పరుస్తాడు. అక్కడే నాకు మీ మహిమ సంపూర్ణంగా తెలిసింది. ఆ చివరి రాత్రి మేడగదిలో ప్రభువు పై బట్ట తీసి పక్కన పెట్టి, తువాలు తెచ్చి నడుముకు కట్టుకుని, చేపలు పట్టుకునేవాళ్ల మట్టికాళ్ల దగ్గర మోకరించాడు. తువాలుకు అంతకంటే చిన్నతనం ఏముంటుంది? దాన్ని ఆ నేల మీది నుంచి లేపి, దులిపి, ఉతికి, ఇస్త్రీ చేయించి, సింహాసనం వీపున ప్రతిష్ఠించి, అది తుడవాల్సిన కాళ్ల నుంచి దానికి శాశ్వత విముక్తి కల్పించిన దయామయులు మీరు.

కాళ్ల ప్రస్తావన వచ్చింది కనుక మీ పవిత్ర గురువారాన్ని కొనియాడాలి. మందిరంలో పన్నెండు కుర్చీలు. పన్నెండుమంది అపొస్తలుల స్థానంలో రైసు మిల్లు యజమాని, టెంటుహౌసు యజమాని, రోడ్ల కాంట్రాక్టరు, రిటైరైన తహసీల్దారు, ఇద్దరు సంఘపెద్దలు, వాళ్ల బావమరుదులు. అందరూ ఇంటి దగ్గరే సబ్బుతో కాళ్లు రుద్దుకుని, గోళ్లు తీయించుకుని, కొత్త సాక్సులు తొడుక్కుని వస్తారు. మీకు శ్రమ కలిగించకూడదనే వారి తపన చూస్తే కళ్లు చెమర్చక మానవు. ఇత్తడి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు, అందులో గులాబీ రేకులు. మీరు వంగుతారు. వంగినప్పుడు మీ ఉంగరాలు పట్టుకోవడానికి ఒకరు, వాచీ పట్టుకోవడానికి ఒకరు. ‘అయ్యగారూ, మొహం జర ఇటు తిప్పుండ్రి, లైటు పడుతలేదు’ అంటాడు వీడియో అబ్బాయి. మీరు విసుక్కోరు. అదే కాలును రెండోసారి కడుగుతారు. పేతురు కాలును కూడా ఆయన ఒక్కసారే కడిగాడు.

అంతా అయ్యాక ఆ నేల మీద ఒలికిన నీళ్లనూ రేకులనూ ఊడ్చి తుడిచేది మందిరం శుభ్రం చేసే ఆమె. మడమలు పగుళ్లు పట్టి, పగుళ్లలో మట్టి నిండి, కాళ్లకు చెప్పుల్లేక ఉంటుంది. ఆమెను ఆ పన్నెండు కుర్చీల్లో దేనిలోనూ కూర్చోబెట్టకపోవడంలో మీ సున్నితత్వం దాగుంది. అంతమంది ముందు ఆమె సిగ్గుపడుతుందని మీరే ముందుగా సిగ్గుపడ్డారు. రోములో 2013 మార్చి 28న, గద్దెనెక్కి నెలైనా కాని పోపు ఫ్రాన్సిస్, కసాల్ దెల్ మార్మో అనే బాలనేరస్తుల జైలుకు పోయి, ఖైదీల కాళ్లు, ఆడపిల్లల కాళ్లు, ముస్లిముల కాళ్లు కడిగి ముద్దుపెట్టుకున్నాడు. పెద్దాయనకు మంచి కాళ్లు ఎంపిక చేసిపెట్టే సంఘపెద్దలు లేకపోయారు.

మీ సేవాభావాన్ని ఎంత చెప్పినా తక్కువే. తాను పరిచర్య చేయించుకోవడానికి రాలేదు, చేయడానికే వచ్చానని ప్రభువు చెప్పుకున్నాడు. అలా అందరి పనీ తానే చేస్తే తక్కినవాళ్లకు పుణ్యమెలా దక్కుతుందని మీరు దూరం ఆలోచించారు. అందుకే మీ బైబిలు మోయడానికి ఒక తమ్ముడు, మీ సెల్‌ఫోన్లు మోయడానికి మరో తమ్ముడు, మంచినీళ్ల సీసా మూత తీసి అందించడానికి మూడో తమ్ముడు, కారు తలుపు తెరవడానికి, మూయడానికి వేరువేరుగా ఇద్దరు. ఆయన చెప్పుల వారు విప్పడానికి కూడా తగనని యోహాను వెనకాడాడు. మీ చెప్పుల దగ్గర అలాంటి వెనకాడేవాళ్లెవరూ లేరు, తగినవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. ఇంతమందిని సేవకులుగా తీర్చిదిద్దిన మీకంటే గొప్ప సేవకుడెవరు?

మొన్నటి ఆదివారం ఆరాధన ముగిశాక మిర్యాలగూడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకామె మీ కారు దగ్గర నిలబడింది. వారమంతా నాట్లు వేసిన చేతులు, వేళ్ల సందుల్లో ఒరుసుకుపోయిన చర్మం, కొంగు చివర ముడి.

‘వందనాలు అయ్యగారూ. బిడ్డకు మూడొద్దుల సంది జెరం. జర ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోండ్రి.’

‘తప్పకుండా అమ్మా. ప్రార్థన కవరు తీసుకున్నవా?’

‘ఏ కవరు అయ్యగారూ?’

‘తమ్ముడూ, అమ్మగారికి కవరియ్యి. పేరు, ఊరు రాసి, కానుక పెట్టి ఇయ్యమ్మా. రాత్రికి ఉపవాస ప్రార్థనలో చదువుతం.’

ఎంత కరుణ! ఆమె ఇంటి దారి బురద మీ కారుకు అంటకుండా, మీ రాక భారం ఆ పూరింటికి తగలకుండా, బిడ్డ జ్వరం మాత్రం కవరులో చక్కగా ఇమిడేలా చేశారు. కవరు మీద గీత గీసి ‘కనీస కానుక’ అని అచ్చు వేయించడం కూడా ఆ తల్లి ఎంత ఇవ్వాలో తెలియక మథనపడకూడదనే. యెరూషలేము దేవాలయంలో కానుకపెట్టె ఎదుట కూర్చుని, ఏ విధవరాలు ఎన్ని కాసులు వేసిందో ఆయన కళ్లారా చూడవలసి వచ్చింది. మీకు ఆ శ్రమ లేదు. బలిపీఠం మెట్టు మీద పెట్టిన క్యూఆర్ కోడ్ డబ్బా, స్తోత్రగీతం మధ్యలో కూడా, ‘రెండు వందల రూపాయలు అందినవి’ అని స్పష్టమైన తెలుగులో ప్రకటిస్తుంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నారు. నిజమే, మీ సంఘంలో ఎవరి ఎడమచేతికీ ఏమీ తెలియదు. మొత్తం సభకు చెవుల ద్వారానే తెలుస్తుంది.

మీ వైభవం తెలియాలంటే, మీకంటే ముందు ఈ నేల మీద తిరిగిన దాసుల తెలివితక్కువతనం కూడా ఒకసారి తలుచుకోవాలి. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు ఉండేవాడు. అగ్రకులాల పెద్దలు కొందరు సంఘంలోకి రావడానికి సిద్ధమై, మాదిగలను మాత్రం చేర్చుకోవద్దన్నారు. ఆ మనిషి మాదిగలనే ఎంచుకున్నాడు, పెద్దలు తిరిగిపోయారు. వాళ్లతోపాటు ఎన్ని కల్యాణమండపాలు, ఎన్ని స్థలదానాలు తిరిగిపోయాయో లెక్కగట్టేవాడే లేకపోయాడు. 1876లో మొదలైన మహాకరువులో అతను బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ ఆకలి రోజుల్లో జనం బాప్తిస్మం ఇమ్మని కాళ్లా వేళ్లా పడితే, తిండి కోసం మారారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా ఒక్కరికీ ఇవ్వలేదు. అంత గిరాకీ ఉన్న రోజుల్లో దుకాణం మూసిన వర్తకుణ్ణి ఏమనాలి? కరువు వెళ్లాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. డ్రోను లేదు, లైవు లేదు. ఆ రోజంతా వృథా.

అతని కంటే ముందే దారి చూపిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ. 1866లో బాప్తిస్మం పొంది ఊరూరా కాలినడకన తిరిగి వాక్యం చెప్పాడు. అతని ఫొటో వేసిన ఫ్లెక్సీ ఏ కూడలిలోనూ మీరు చూడరు, అతనికి బ్రాండింగు తెలియదు. దక్షిణ రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ అనే మెన్నొనైట్ 1890లో ఇదే నల్లగొండకు వచ్చి కాపురం పెట్టాడు. అంత దూరం నుంచి వచ్చి కనీసం ఒక అంతర్జాతీయ మహాసభ పేరైనా పెట్టుకోలేదు. మన పొరుగున డోర్నకల్‌లో, 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, అంతటి పదవి చేతికొచ్చాక కూడా ఎడ్లబండి దిగలేదు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో నిలబడి, మిషనరీలు ప్రాణాలిచ్చారు, ఆస్తులిచ్చారు, ఇక మాకు స్నేహం కూడా ఇవ్వండని తెల్లదొరల ముఖం మీదే అడిగాడు. విదేశీ వేదిక దొరికినప్పుడు విదేశీ విరాళం అడగాలన్న ఇంగితం కొరవడింది. హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను స్థాపించిన బక్త్ సింగ్ సంగతి మరీ విచారకరం. 2000 సెప్టెంబరులో కన్నుమూసేదాకా ఆయనకు దొరికిన బిరుదు ‘బ్రదర్’ ఒక్కటే. ఆ కూటములకు వేలమంది వస్తే అందరినీ చాపల మీద వరసగా కూర్చోబెట్టి ఉచితంగా అన్నం పెట్టారు. వీఐపీ పాసు లేదు, వేరే భోజనశాల లేదు. ఎవరు ఎవరికంటే పెద్దో ఎలా తెలియాలి? ఇలాంటి అజ్ఞానాంధకారం తర్వాత ఉదయించిన సూర్యబింబం మీరు. మీ పేట పేరుకూ అది తగింది.

ఇక తిరిగి జన్మించడం. ముసలివాడు మళ్లీ ఎలా పుడతాడని నీకొదేము రాత్రివేళ చాటుగా వచ్చి అడిగితే, గాలి ఎటు వీస్తుందో, ఆత్మ ఎలా కదులుతుందో అంటూ ప్రభువు ఏదో మర్మం చెప్పాడు. నీకొదేముకు పూర్తిగా అర్థమైనట్టు దాఖలా లేదు. మీ హయాంలో ఆ మర్మం మిగల్లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలిన వారంలో, పట్టపగలే, జనరేటరు వేసి, షామియానా వేసి, పైన డ్రోను తిప్పి, వరసనంబర్లు ఇచ్చి, మధ్యాహ్న భోజనానికి ముందే పని ముగిస్తారు. నంబరు పిలుస్తారు, మనిషి దిగుతాడు, మునుగుతాడు, లేస్తాడు, తడిబట్టలతోనే ఒడ్డున లామినేషన్ చేసిన సర్టిఫికెట్టు అందుకుంటాడు. మీరు నీళ్లలోకి దిగరు. ఒడ్డు మీది నుంచి చేయి చాచి ఆశీర్వదిస్తారు. తెల్ల ప్యాంటు మడత చెదరకుండా ఇన్ని పాత జీవితాలను పాతిపెట్టిన నేర్పు అనితరసాధ్యం. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ఆ ప్రాజెక్టు వరికి మాత్రమే పనికొస్తుందనుకున్నారు.

అలా మునిగినవారిలో చాలామంది అంతకుముందే తిరిగి జన్మించినవాళ్లు కావడం మీ ఔదార్యానికి పరాకాష్ఠ. ఒక సంఘంలో చిన్నప్పుడు నీళ్లు చల్లించుకున్నవాడు, మరో సంఘంలో చెరువులో మునిగినవాడు, ఇప్పుడు మీ కాలువలో మూడోసారి పుడతాడు. పక్కవాడి మడిలో పెరిగిన నారును పీకి తన పొలంలో నాటుకునే రైతు ఓపిక మీది. నారు పెంచే శ్రమ పక్కవాడిది, పంట మీది, కోతకోసే రోజున స్తోత్రం మాత్రం ప్రభువుది. మీ దయవల్ల ఈ నేల మీది పాత పునర్జన్మ సిద్ధాంతానికీ, కొత్తజన్మ సిద్ధాంతానికీ ఉన్న తగవు కూడా తీరిపోయింది. ఒక్క మనిషికి ఎన్ని జన్మలో మీ రిజిస్టరు చూసి చెప్పవచ్చు.

అలా పుట్టినవారి నవజీవితం మరింత కమనీయం. యెరికోలో జక్కయ్య అనే పొట్టి సుంకరి, ఒక్కపూట ఆయనకు భోజనం పెట్టినందుకే తబ్బిబ్బై, సగం ఆస్తి బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తాననీ తొందరపడి మాట జారాడు. మీ శిష్యులు అంత తొందరపాటు మనుషులు కారు. వడ్ల కాంటాలో తరుగు పేరిట క్వింటాలుకు కిలోలు కోసే చేయి బాప్తిస్మం తర్వాత కూడా వణకదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ నీళ్లలో మునిగి, నూటికి మూడు రూపాయలుగానే పైకి తేలుతుంది. కొత్తగా పుట్టినవాడికి పాత జన్మలో ఎవరిని ముంచాడో గుర్తుండదు కదా. సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం పాత సారా, పాత పేకాట, పాత తగాదాలు తేదీలతో సహా గుర్తొస్తాయి. ఆ ఒక్క తరుగే గుర్తురాదు. అంత పొదుపైన జ్ఞాపకశక్తి మీ బోధ ఫలమే.

కులం విషయంలోనైతే మీ పరిశోధన శిఖరాన్ని తాకింది. క్రీస్తునందు యూదుడని, గ్రీసువాడని, దాసుడని, స్వతంత్రుడని తేడా లేదని పౌలు గలతీయులకు రాశాడు. మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అని అందులో ఎక్కడా రాయలేదు. రాయనిదాన్ని వాక్యానికి కలపడం పాపమని మీరు ఆగిపోయారు. అందుకే మీ సంఘంలో కొత్త జన్మ ఎత్తినవారి పేరు మారుతుంది, పండుగ మారుతుంది, పాట మారుతుంది, పెళ్లిసంబంధం మాత్రం చెక్కుచెదరదు. ‘తిరిగి జన్మించిన, ప్రార్థనాపరురాలైన అమ్మాయి కావలెను’ అని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ‘మనవాళ్లయితే మంచిది’ అని చేర్చే ఆ చివరి వాక్యంలో ఎంత మార్దవం!

ప్రభుత్వం కూడా మీతో కలిసి నడిచింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచి, క్రైస్తవ దళితుల దగ్గర గొళ్లెం వేసింది. మన దగ్గర వాళ్లను బీసీ-సీ అన్నారు, వాటా ఒక్క శాతం. అంటే బాప్తిస్మంతో అంటరానితనం పోయిందని సర్కారు గాఢంగా విశ్వసించింది. పోలేదని మీ సంఘంలో సమాధుల వరసలు, పెళ్లి విందుల బంతులు అంతే గాఢంగా విశ్వసిస్తున్నాయి. ఇద్దరి విశ్వాసాల నడుమ పల్లెలో పుట్టిన ఆ పిల్లవాడు ఎవరికీ చెందకుండా నిలబడ్డాడు. ఏ లోకసంబంధమూ లేని ఆ నిర్మలస్థితిని ప్రసాదించినందుకు అతని తరఫున మీకు కృతజ్ఞతలు. ఇంత పెద్ద మాట మీద ఏ కలెక్టరేటు ముందూ కూర్చోక, మీ గొంతును ఫిబ్రవరి మహాసభల కోసం భద్రపరచుకున్న మీ సంయమనం మరీ శ్లాఘనీయం.

మీ పుణ్యంలో మాకూ కొంత వాటా ఉంది, దాన్ని వదులుకునేంత వినయం మాకింకా అబ్బలేదు. కారు సైజును బట్టి అభిషేకాన్ని కొలవడం మీకు నేర్పింది మేమే. సింహాసనం వీపున తువాలు పరిచింది మా చేతులే. వాక్యం ఏం చెప్పారో ఇంటికొచ్చేలోపు మరిచిపోయినా, స్టేజీ ఎంత పొడుగో నెలరోజులు చెప్పుకున్నది మా నోళ్లే.

అలాగని ఈ ప్రాంతంలో సేవకు చెడ్డపేరు తెచ్చేవాళ్లు అసలే లేరని కాదు. పాత టీవీఎస్ మీద వచ్చేవాళ్లు కొందరున్నారు. పగలు సుతారి పనికి పోయి, పౌలు డేరాలు కుట్టి పెట్టిన ఆ పాడు ఆనవాయితీని ఇంకా పట్టుకు వేలాడుతూ, సాయంత్రం రేకుల షెడ్డులో ఇరవైమందికి వాక్యం చెబుతారు. సిమెంటు మరకలు చొక్కా కఫ్ మీద అలాగే ఉంటాయి. ఏరియా ఆసుపత్రిలో అటెండరు కూడా పలకని వేళ, తమ సంఘం కాదు, తమ మతం కాదు, ఎవరో ముసలాయన మంచం పక్కన కూర్చుని, పాలప్యాకెట్టు మూల పళ్లతో కొరికి, గ్లాసులో పోసి, తల కింద చేయి పెట్టి తాగిస్తారు. ఫొటో తీసుకోవడం కూడా తెలియదు. పల్లెలో ఎవరైనా పోతే గుంత తవ్వేవాళ్లలో గడ్డపార పట్టుకుని వాళ్లే ముందుంటారు. ఆ గుంత దగ్గర ఎవరి కులం ఏమిటని అడగరు, కనీస విచారణ కూడా ఉండదు. ఇలాంటివాళ్లను పాస్టరుగారని పిలవడానికి మాకే మొహమాటంగా ఉంటుంది. మీ మహాసభలకు వస్తే మీ వాలంటీర్లు వాళ్లను స్కూటరు పార్కింగు దగ్గర నిలబెట్టడం ఎంతైనా సబబు. దాసులూ దాసానుదాస సార్వభౌములూ ఒకే వేదిక మీద కూర్చుంటే జనం ఎవరికి దండం పెట్టాలో తికమకపడతారు.

కాబట్టి ఓ తగ్గింపు తరంగమా, సేవాసామ్రాజ్య సింహాసనాధీశ్వరా, నవజన్మ ధ్రువపత్ర ప్రదాతా! మీ వినయం ఇరవై అడుగుల నుంచి నలభై అడుగులకు వర్ధిల్లుగాక. మీ తువాలుకు ఏనాడూ తడి అంటకుండుగాక. నాలుగు పట్టణాల నడుమ మీ పేరు లేని స్తంభమొకటి మిగలకుండుగాక.

ఇక ఫలశ్రుతి. ఈ స్తోత్రాన్ని ఉదయం పఠించినవారికి సభలో ముందు వరస కుర్చీ లభించును. రెండుపూటలా పఠించినవారికి వేదిక మీద కుర్చీ, పేరు మైకులో ఒకసారి. త్రికాలములందు పఠించినవారికి మఖమలు సింహాసనమూ, అడక్కుండానే డాక్టరేటూ సిద్ధించును. చదువుతూ చదువుతూ మధ్యలో ఎక్కడైనా సిగ్గుపడినవారికి మాత్రం ఫలమేమీ లేదు. పైగా వాళ్లకు నిజంగానే తిరిగి జన్మించే ప్రమాదముంది. దానికి సర్టిఫికెట్టు ఇవ్వబడదు.